బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకోవడం: విశాఖ ఇంటి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

అక్కకి పొట్ట సంచిని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయ్యి సీతమ్మధారలో ఇంటికి తీసుకొచ్చిన రోజు, అమ్మ అటక మీది సామాను పెట్టె దింపించి అందులోంచి ఉగ్గుగిన్నె తీసింది. మా ఇద్దరికీ చిన్నప్పుడు పాలు పట్టిన స్టీలు గిన్నె అది. దగ్గు సిరప్ మూతతో నీళ్లు పోసి కొలిచాం. 10 మి.లీ. మూత మూడుసార్లు పోస్తే నిండింది. అంటే 30 మి.లీ. ఆసుపత్రిలో డైటీషియన్ అక్కకి చెప్పిన కొలత కూడా అదే: పావుగంటకి 30 మి.లీ., అదీ ఒక్కసారి గుటుక్కున మింగకుండా, నాలుగైదు చప్పరింపుల్లో. తర్వాతి రెండు వారాలు మా ఇల్లంతా ఆ గిన్నె చుట్టూనే తిరిగింది.

నేను డాక్టర్‌ని కాను. అక్క పక్కన ఉండి, ప్రతి చెకప్‌లోనూ అడిగి తెలుసుకుని, నోట్‌బుక్‌లో రాసుకున్నవి ఇవి. ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికొచ్చాక గంట గంటకీ ఏం చెయ్యాలో మన వంటింటి భాషలో చెప్పేవాళ్లే తక్కువ. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో వేరేగా ఉంటే ఆ కాగితమే పాటించండి. ఒక్కో ఆసుపత్రి లెక్క కొద్దిగా మారుతుంది.

ముందు లోపల ఏం మారిందో ఇంట్లో అందరికీ చెప్పండి

స్లీవ్‌లో పొట్ట సంచిలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం, 100 నుంచి 150 మి.లీ. పట్టేది. బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం ఆపరేషన్, గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైన 30 మి.లీ. అంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. బయటికి కనిపించేవి నాలుగైదు చిన్న కోతలే. అందుకే చూసినవాళ్లు "ఇంతేనా, ఇంక తగ్గిపోయినట్టేగా" అంటారు. లోపల మాత్రం పొడుగ్గా స్టేపుల్ చేసిన గీత ఉంటుంది. అది మానడానికి వారాలు పడుతుంది. ఆ గీత మీద ఒత్తిడి పడకుండా, ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకోవడమే మొదటి నెల పని. ఇది అమ్మకి, అత్తగారికి, పిల్లలకి, వంటమనిషికి అందరికీ తెలియాలి. ఎందుకంటే ప్రేమతో పెట్టే ఒక్క ముద్ద దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

మొదటి అడుగు: ఆపరేషన్‌కి ముందే ఇల్లు సర్దండి

డిశ్చార్జి రోజు కొనుక్కుందాంలే అనుకుంటే ఏదో ఒకటి మర్చిపోతాం. ముందు వారమే ఇవి ఇంట్లో ఉండాలి: 30 మి.లీ. పట్టే గిన్నె లేదా కప్పు, మిక్సీలో చిన్న జారు, సన్నటి వడకట్టు, డిజిటల్ థర్మామీటరు, వేలికి పెట్టుకుని నాడి వేగం చూసే పల్స్ ఆక్సీమీటరు, షుగరు ఉన్నవాళ్లకి గ్లూకోమీటరు, ఒక నోట్‌బుక్. ప్రోటీన్ పొడి డబ్బా ఒకటే కొని రుచి చూడండి. ఆపరేషన్ తర్వాత నాలుక రుచి మారిపోతుంది. అక్కకి ముందు బాగా నచ్చిన చాక్లెట్ రుచి తర్వాత వాసనకే పడలేదు. మేం ముందే రెండు డబ్బాలు కొనేశాం.

మంచానికి తలవైపు ఎత్తు చెయ్యండి, లేదా మూడు దిళ్లు ఏటవాలుగా పేర్చండి. నేల మీద పరుపు వేసుకునే అలవాటుంటే మొదటి రెండు వారాలు మానాలి. కింద నుంచి లేచేటప్పుడు పొట్ట కండరాల మీద బాగా ఒత్తిడి పడుతుంది. ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉన్న ఇంట్లో పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చుకోండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మెడికల్ సామాను షాపుల్లో అడగొచ్చు.

ఇంకోటి, మన విశాఖ ఉక్కపోత. ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ పడితే ఏసీ లేని గదిలో కూర్చున్నా చెమట కారిపోతుంది. మామూలు మనిషి ఆ నీళ్లని రెండు గ్లాసులతో పూడ్చుకుంటాడు. స్లీవ్ అయిన మనిషికి ఆ రెండు గ్లాసులు తాగడానికి మూడు గంటలు పడుతుంది. కాబట్టి ఇంట్లో చల్లగా ఉండే గది ఏదో అది వాళ్లకి ఇచ్చేయండి.

రెండో అడుగు: ఇంటికి ప్రయాణం, మొదటి రాత్రి

సాధారణంగా రెండు మూడు రోజుల్లో పంపేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి ఆపరేషన్ కోసం విశాఖ వచ్చినవాళ్లు వీలుంటే మొదటి వారం పది రోజులు నగరంలోనే బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. ఏదైనా తేడా వస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి అరగంటలో చేరుకోగలగాలి. తప్పక వెళ్లాల్సి వస్తే హైవే మీద గంటకోసారి కారు ఆపించి ఐదు నిమిషాలు నడిపించండి. కాళ్లు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. సీటుబెల్టు తప్పనిసరి. పొట్టకీ బెల్టుకీ మధ్య చిన్న దిండు పెట్టుకుంటే నొప్పి తెలియదు.

మొదటి రాత్రి భుజాల్లో నొప్పి వస్తే కంగారు పడకండి. చిన్న కోతల్లోంచి చేసే ఈ ఆపరేషన్‌లో (లాపరోస్కోపీ) పొట్ట ఉబ్బించడానికి వాడే కార్బన్ డయాక్సైడ్ వాయువు కొంత లోపల మిగిలి, ఆ నొప్పి పుట్టిస్తుంది. మెల్లగా నడిస్తే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. రోజురోజుకీ తగ్గాల్సిన ఆ నొప్పి తగ్గకుండా పెరుగుతూ ఉంటే, ముఖ్యంగా ఎడమ భుజంలో, జ్వరంతో కలిసి వస్తే, అది వేరే సంగతి. దాని గురించి కింద చెప్పాను.

మంచం దిగేటప్పుడు ముందు పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద బరువు వేసి, కాళ్లు కిందికి దించి లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండు పొట్టకి గట్టిగా అదుముకుని దగ్గాలి. ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల స్పైరోమీటరుని మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు లోపలికి గాలి పీలుస్తూ వాడాలి. అక్క దీన్ని బద్ధకించేది. మా ఏడేళ్ల మేనకోడలిని కాపలా పెడితే, "అమ్మా, రెండో బంతి లేవలేదు" అని పట్టుపట్టి చేయించేది.

మూడో అడుగు: నీళ్ల లెక్క

ఈ ఆపరేషన్ల తర్వాత జనం మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తే కారణాల్లో వాంతులు, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం ముందు వరసలో ఉంటాయి. ఇంట్లోనే ఆపగలిగినవి కూడా ఇవే. అందుకే నేను తిండి కంటే ముందు దీని గురించి రాస్తున్నాను.

రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి. మొదటి రోజే అంత వెళ్లదు. లెక్క చూడండి. పావుగంటకి 15 మి.లీ. చొప్పున తాగితే గంటకి 60 మి.లీ., మెలకువగా ఉన్న 14 గంటల్లో 840 మి.లీ. 30 మి.లీ. చొప్పున తాగితే 1,680 మి.లీ. అంటే రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ, మొదటి వారం చివరికి ఉగ్గుగిన్నె నిండా తాగే స్థితికి రావాలి. ఫోనులో పావుగంటకో అలారం పెట్టండి. దాహం వేశాక తాగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. ఒకేసారి ఎక్కువ తాగితే రొమ్ము కింద బిగపట్టినట్టు నొప్పి వచ్చి, వాంతి అవుతుంది.

మేం నోట్‌బుక్‌లో గంటకో గీత గీసి, గిన్నె అయిన ప్రతిసారీ ఒక టిక్కు పెట్టేవాళ్లం. సాయంత్రం లెక్క చూస్తే మొదటి రోజు 600 మి.లీ. దాటలేదు. అక్క "నేను పొద్దున్నుంచీ తాగుతూనే ఉన్నాను కదే" అని ఏడ్చేసింది. నిజమే, తాగుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది. టిక్కులు లెక్కపెడితేగానీ అసలు సంగతి బయటపడదు. ఎవరికైనా నేను ముందు చెప్పే మాట ఇదే: మనసు చెప్పే లెక్క నమ్మకండి, కాగితం మీద రాయండి.

ఏం తాగొచ్చు? కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పు కొద్దిగా వేసిన పల్చటి మజ్జిగ, మిరియాలు, కారం లేకుండా వడకట్టిన చారు తేట, పప్పు తేట, వడకట్టిన చికెన్ సూపు. కొబ్బరినీళ్లు కొద్దిగా తాగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు మాత్రం అందులో పొటాషియం ఉంటుంది కాబట్టి డాక్టర్‌ని అడిగే తాగాలి. గోలీసోడా, కూల్‌డ్రింకులు, నీళ్లలో కలిపితే పొంగే గ్యాస్ పొడులు వద్దు. పండ్లరసం, చెరుకురసం వద్దు. బీచ్ రోడ్డులో చెరుకురసం బండి కనిపిస్తే మనసు లాగుతుంది, తెలుసు. టీ, కాఫీ మొదటి నెల మానమని చాలామంది డాక్టర్లు చెబుతారు.

ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయో లేదో మూత్రం చెప్పేస్తుంది. పల్చటి నిమ్మనీళ్ల రంగులో ఉంటే బాగున్నట్టు. టీ డికాషన్ రంగులోకి మారినా, ఎనిమిది గంటలు అసలు రాకపోయినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. వాంతులై నీరసపడితే మన దగ్గర వెంటనే పక్క వీధి క్లినిక్‌కి వెళ్లి "ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి" అంటాం. రోజుల తరబడి సరిగ్గా తినని, వాంతులు అవుతున్న బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ అయిన) పేషెంటుకి బి1 విటమిన్ అంటే థయమిన్ తగ్గిపోయి ఉండొచ్చు. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనిపించడం, నడుస్తూ తూలడం, తికమక పడటం దాని గుర్తులు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా "బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇవ్వాలా చూడండి" అని నోరు తెరిచి చెప్పండి.

నాలుగో అడుగు: తిండి, దశలవారీగా

మొదటి రెండు వారాలు ద్రవాలే. మూడు, నాలుగు వారాల్లో మెత్తటి గుజ్జు. ఐదు, ఆరు వారాల్లో మెత్తటి తిండి. ఆ తర్వాతే మెల్లగా మామూలు తిండి. ఈ వరస తొందరపడి దాటకండి. ఆకలి లేదు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటాం. కడుపు ఆకలి వేరు, నాలుక ఆకలి వేరు. పక్కింట్లో తాలింపు వాసన వస్తే రెండోది లేస్తుంది.

ఏ దశలోనైనా ముందు ప్రోటీన్. రోజుకి 60 నుంచి 80 గ్రాములు చేరాలి. లేకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండని కూడా కరిగించుకుంటుంది. ద్రవాల దశలో ఇది మన వంటలతో మాత్రమే రాదు. పప్పు తేటలో ప్రోటీన్ చాలా తక్కువ, గంజిలో, రాగి జావలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. ఉత్త జావలతో రెండు వారాలు గడిపేస్తే నీరసం కూర్చోబెట్టేస్తుంది. అందుకే ప్రోటీన్ పొడి. వే ప్రోటీన్ ఒక స్కూప్‌లో సుమారు 24 గ్రాములు ఉంటుంది. వెన్న తీసిన పాలు 200 మి.లీ.లో 7 గ్రాముల దాకా వస్తుంది. ఒక స్కూప్‌ని 200 మి.లీ. పాలలో కలిపి గంటన్నరలో కొంచెం కొంచెంగా చప్పరించాలి. అలా రోజుకి రెండుసార్లంటే 60 దాటినట్టే. పాలు పడక కడుపు ఉబ్బరించేవాళ్లు పాలలోని చక్కెర చాలావరకు తీసేసిన ఐసోలేట్ రకం వే పొడి వాడి చూడొచ్చు.

గుజ్జు దశలో మా ఇంట్లో బాగా కుదిరినవి: బాగా ఉడికిన పెసరపప్పు మిక్సీ పట్టి, పల్చగా చేసి, ఉప్పు, ఇంగువతో. మెత్తగా ఉడికించి చిదిమిన గుడ్డు. బట్టలో కట్టి నీళ్లు కార్చిన పెరుగు. ముళ్లు తీసిన చందువ చేప ఆవిరి మీద ఉడికించి, చారుతో కలిపి గుజ్జు చేసింది. వంజరం కూడా బాగుంటుంది కానీ కాస్త పొడిపొడిగా ఉంటుంది, చారు ఎక్కువ పొయ్యాలి. 100 గ్రాముల చేపలో 20 గ్రాముల ప్రోటీన్ దాకా ఉంటుంది. అక్క ఒక పూట తినగలిగింది రెండు మూడు చెంచాలే. అంతే సరిపోతుంది, కంగారు పడొద్దు.

మెత్తటి తిండి దశకి మన ఉత్తరాంధ్ర వంటింట్లో ఒక మంచి వంట ఉంది: సొరపుట్టు. సొరచేపలో సన్న ముళ్లు ఉండవు, ఉడికించి చిదిమితే పొడిలా విడిపోతుంది. నూనె ఒక చెంచాకి తగ్గించి, పచ్చిమిర్చి మానేసి, ఉల్లిపాయని బాగా మగ్గించి, కాస్త తడిగా దించండి. ఆపరేషన్ అయిన నెలన్నరకి ఇంటి వంటలా రుచి తగిలిన మొదటి ముద్ద అదే అని అక్క ఇప్పటికీ చెబుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రం చేప తక్కువగా దొరుకుతుంది. చెరువు చేపల్లో సన్న ముళ్లు ఎక్కువ, ఈ దశలో వాటి జోలికి వెళ్లకండి. గుడ్డు, పనీర్, మెత్తటి చికెన్ కీమాతో నడిపించుకోవచ్చు.

శాకాహారులకి దారి కష్టమేమీ కాదు గానీ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. పనీర్ 100 గ్రాముల్లో 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఎండు మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రోటీనే. నానబెట్టి, పిండి, మెత్తగా నూరి పప్పులో కలపొచ్చు.

అన్నం, దోసె, చపాతీ, బ్రెడ్డు ఆఖర్న రావాలి. ఇవి ముద్దగా అంటుకుని ఇరుక్కుంటాయి. ఐదో వారంలో ఒక ఉదయం అక్క ఫోను మాట్లాడుతూ ఇడ్లీ ముక్క సరిగ్గా నమలకుండా మింగేసింది. రెండు నిమిషాల్లో మాట ఆగిపోయింది. రొమ్ము మధ్యలో చెయ్యి పెట్టుకుని ముందుకి వంగిపోయింది, నుదుటి మీద చెమట. నోట్లో తెల్లటి జిగురు నురుగు ఊరిపోతోంది, ఉమ్మినకొద్దీ వస్తోంది. నేను మంచినీళ్లు తేబోతే వద్దని చెయ్యి ఊపింది. అది సరైన పనే. ఇరుక్కున్నప్పుడు నీళ్లు తాగితే పైన నిలిచిపోయి నొప్పి ఇంకా పెరుగుతుంది. తినడం ఆపి, నిలబడి, మెల్లగా అటూ ఇటూ నడవాలి. ఊరిన నురుగు ఉమ్మేస్తుండాలి. అక్కకి ముప్పావుగంటలో సర్దుకుంది. ఆ రోజంతా మళ్లీ ద్రవాలే ఇచ్చాం. గంటలు గడిచినా దిగకపోతే, నీళ్లు కూడా పోకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనం దగ్గర ఫోను లేదు. చిన్న ప్లేటు, టీ చెంచా, ఒక్కో ముద్ద ఇరవైసార్లకి పైగా నమలడం, ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టడం. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మనకి అన్నంలోనే చారు, మజ్జిగ పోసుకునే అలవాటు కాబట్టి ఇది అన్నిటికంటే కష్టంగా అనిపిస్తుంది. కడుపు నిండిన గుర్తు అందరికీ ఒకలా రాదు. అక్కకి ముక్కు కారేది. కొందరికి ఎక్కిళ్లు, తుమ్ములు వస్తాయి. ఆ గుర్తు కనిపెట్టి అక్కడే ఆపాలి. ఇంకొక్క చెంచా కూడా వద్దు.

తీపి సంగతి. బైపాస్ అయినవాళ్లు మాడుగుల హల్వా ఒక ముక్క నోట్లో వేసుకున్నా డంపింగ్ రావొచ్చు. గుండె దడ, చెమట, కడుపులో మెలిక, విరేచనం. స్లీవ్ వాళ్లకి ఇది తక్కువే గానీ తీపి సులువుగా జారిపోతుంది కాబట్టి బరువు మళ్లీ పెరిగే దారి అదే.

ఐదో అడుగు: మందులు, మాత్రలు

గ్యాస్ తగ్గించే మాత్ర, వాంతుల మాత్ర, కొందరికి రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మంలో వేసుకునే ఇంజక్షన్లు, పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు వాడే మాత్ర. ఇవి చీటీలో ఉన్నట్టే వాడండి. పెద్ద మాత్రలు మొదటి వారాల్లో పొడి చేసి గానీ ద్రవరూపంలో గానీ వేసుకోమంటారు. పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉన్నవి మాత్రం ఎప్పుడూ పొడి చెయ్యొద్దు. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. వాటికి బదులు ఏం వాడాలో డాక్టర్‌ని అడగండి.

నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి అవి కలిపిన చోట పుండు చేస్తాయి, రక్తం కారేలా చేస్తాయి. మా వీధి చివర మందుల షాపులో ఒళ్లు నొప్పులని చెబితే అడక్కుండానే ఐబుప్రొఫెన్ కలిసిన మాత్ర చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి అట్ట వెనక చదివాను కాబట్టి సరిపోయింది. చదవండి, ప్రతిసారీ.

షుగరు, బీపీ ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం. తిండి తగ్గిన రోజు నుంచే షుగరు పడిపోవడం మొదలవుతుంది. పాత మోతాదులో ఇన్సులిన్, మాత్రలు వేసుకుంటే షుగరు 70 కంటే కిందికి జారిపోవచ్చు. రోజుకి రెండు మూడుసార్లు చూసి, రాసి, ఆ అంకెలు డాక్టర్‌కి పంపండి. మందు తగ్గించేది ఆయన, మనం కాదు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే షుగరు మాత్రలు, బీపీకి వాడే నీటి మాత్రలు కొనసాగించాలా వద్దా అని డిశ్చార్జి రోజే పేరు పెట్టి అడగండి. మొదటి రకం తిండి లేనప్పుడు ఒంట్లో ఆమ్లం పెంచే ప్రమాదం ఉంది, రెండోది అసలే తక్కువగా ఉన్న నీళ్లని ఇంకా తీసేస్తుంది.

విటమిన్లు జీవితాంతం. రోజూ మల్టీవిటమిన్. కాల్షియం 1,200 నుంచి 1,500 మి.గ్రా., అది కూడా ఒకసారికి 500, 600 మించకుండా. కార్బొనేట్ కంటే సిట్రేట్ రకం మంచిది, అరగడానికి కడుపులో ఆమ్లం అక్కర్లేదు. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, లేకపోతే ఒకటి ఇంకోదాన్ని ఒంటికి పట్టనివ్వదు. బి12 మాత్రగానో నెలకో ఇంజక్షన్‌గానో. మేం ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాం: ఉదయం టిఫిన్ తర్వాత మల్టీవిటమిన్, 11కి కాల్షియం, సాయంత్రం 5కి రెండో కాల్షియం, రాత్రి 9కి ఐరన్.

ఆరో అడుగు: నడక, గాయాలు, పని

మొదటి రోజు నుంచే నడవాలి. ఇంట్లోనే గంటకి ఐదు నిమిషాలు. వారం తిరిగాక వీధిలోకి. మన ఊళ్లో ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి సీతమ్మధార, కైలాసగిరి వైపు ఉండేవాళ్లు మొదట చదునుగా ఉన్న చోటు వెతుక్కోండి. రెండో వారం నుంచి మేం ఆటోలో బీచ్ రోడ్డుకి వెళ్లి, ఉదయం ఆరు లోపు ఫుట్‌పాత్ మీద నడిచాం. ఇసుకలో నడవొద్దు, పొట్ట కండరాలు లాగుతాయి. చేతిలో నీళ్ల సీసా ఉండాలి. ఎండెక్కాక నడక వద్దు.

నాలుగు నుంచి ఆరు వారాలు 5 కిలోలు మించి ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, ఏడుస్తున్న పిల్లాడు, ఏదైనా సరే. కుర్చీలో పని చేసేవాళ్లు రెండు మూడు వారాల్లో ఆఫీసుకి వెళ్లగలరు. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో బరువు పని ఉన్నవాళ్లు ఆరు వారాలు సెలవు పెట్టుకోవాలి. రెండు చక్రాల బండి నొప్పి మాత్ర అవసరం పూర్తిగా తీరాక, డాక్టర్ సరేనన్నాకే.

గాయాల మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ రాయకండి. డాక్టర్ స్నానం చెయ్యొచ్చన్నాక మామూలు సబ్బునీళ్లు పైనుంచి జారనిచ్చి, మెత్తటి బట్టతో అద్దాలి. పొట్ట మడతలో కోత ఉంటే ఉక్కపోతకి అక్కడ తడి నిలుస్తుంది. రోజుకి రెండుసార్లు ఆరబెట్టండి, వదులుగా ఉన్న నూలు బట్టలు వేసుకోండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

స్టేపుల్ గీత దగ్గర లీకు అరుదే. వస్తే ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది, అప్పుడు ప్రతి గంటా విలువైనదే. విశ్రాంతిగా పడుకున్నా నాడి 120 దాటి తగ్గకపోవడం దాని తొలి గుర్తు కావొచ్చు. జ్వరం, నొప్పి కంటే ముందే అది కనిపించవచ్చు. ఆక్సీమీటరు కొనమన్నది ఇందుకే. 101 డిగ్రీలు దాటిన జ్వరం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, తగ్గని ఎడమ భుజం నొప్పి, ఆయాసం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోవడం, కోతలోంచి చీము. వీటిలో ఏది కనిపించినా "రేపు పొద్దున్న చూద్దాం" వద్దు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తూనే బయల్దేరండి. ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే 108.

వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే డిశ్చార్జి సమ్మరీ చేతిలో ఉండాలి, దాని ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తామంటే, ఆపరేషన్ సంగతి చెప్పి ముందు సర్జన్‌తో మాట్లాడమనండి. కొత్త గీత ఉన్న పొట్టలోకి చూడకుండా గొట్టం దించడం ప్రమాదం.

చుట్టాలు, మనసు

పదో రోజు పిన్ని పెందుర్తి నుంచి వచ్చింది. అక్కని చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, "ఏటమ్మా ఇలా అయిపోనావు, ఓ ముద్ద పప్పన్నం తినకపోతే ఎలాగే" అంటూ కలిపి నోటి దాకా తెచ్చింది. కాదంటే పెద్దావిడ మనసు కష్టపెట్టుకుంటుంది. తింటే ప్రమాదం. అమ్మ అడ్డుపడి, ఉగ్గుగిన్నె పిన్ని చేతికిచ్చి, "ఇది నువ్వు తాగించు, పావుగంటకోసారి" అంది. ఆ సాయంత్రం దాకా పిన్ని గడియారం చూస్తూ కూర్చుంది. వచ్చినవాళ్ల ప్రేమకి ఏదో ఒక పని అప్పజెప్పండి. మజ్జిగ చిలకడం, నడకకి తోడు వెళ్లడం, టిక్కు పెట్టడం.

రెండో, మూడో వారంలో "ఎందుకు చేయించుకున్నానా" అని ఏడుపు రావడం మామూలే. హార్మోన్లు మారుతుంటాయి, ఇన్నాళ్లూ ఓదార్పుగా ఉన్న తిండి ఒక్కసారిగా దూరమైపోతుంది. సరిగ్గా అప్పుడే బరువు కూడా కొన్ని రోజులు కదలకుండా ఆగుతుంది. రోజూ తూచుకోకండి, వారానికి ఒక్కసారి చాలు. ఏడుపు వారాల తరబడి తగ్గకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ తర్వాతి నెలలు

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఊడుతుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు ఇది వస్తుంది. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా అందితే చాలావరకు మళ్లీ వస్తుంది. అక్క దువ్వెనలో జుట్టు చూసి హడలిపోయింది. ఏడాదికి నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి.

మద్యం ఆపరేషన్ తర్వాత చాలా వేగంగా, చాలా ఎక్కువగా ఎక్కుతుంది. అలవాటుగా మారే ప్రమాదం కూడా పెరుగుతుంది. దూరంగా ఉండటమే మంచిది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మొక్కు ఉంటే ఆ ఏడాది వదిలి పై ఏడాదికి పెట్టుకోండి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు 12 నుంచి 18 నెలలు ఆగాలి. బరువు తగ్గేకొద్దీ నెలసరి సరిగ్గా వచ్చి, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇన్నేళ్లూ రాలేదు కదా అని అజాగ్రత్తగా ఉండకండి. బైపాస్ తర్వాత గర్భం రాకుండా వేసుకునే నోటి మాత్రలు సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టుతో ముందే మాట్లాడండి.

రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకి, తర్వాత ఏటా. హిమోగ్లోబిన్, ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం, అల్బుమిన్ అడిగి చేయించండి. బాగానే ఉన్నానని రెండో ఏడాది మానేసినవాళ్లకే కాళ్ల తిమ్మిర్లు, రక్తహీనత బయటపడతాయి. అక్క నోట్‌బుక్‌లో టిక్కుల పేజీలు ఎప్పుడో అయిపోయాయి. చివరి పేజీలో ఇప్పుడు ఏడాదికో గీత ఉంది, పక్కన బి12 అంకె, మళ్లీ చేయించాల్సిన తేదీ.